పలమనేరుకు పంపిన మాట

మా సంఘంలో ఒక పద్ధతి ఉండాది. బాప్తిస్మం కావాల అన్నవాళ్ళు నీళ్ళల్లో దిగేదానికి ముందు, తాము ఎవరికి అన్యాయం చేసినారో వాళ్ళ కాడికి పొయ్యి, మొగం చూసి, తప్పయిపోయింది అని అడిగి రావాల. ఫోన్లో అడిగితే చెల్లదు. పొయ్యొచ్చినాక ఆదివారం అందరి ముందర నిలబడి, నేను ఇట్ల అడిగినాను, వాళ్ళు ఇట్ల అన్నారు అని వాళ్ళ నోటి మాట ఉన్నదున్నట్టు చెప్పాల. వేరే సంఘాల్లో ఇంత బాధ లేదు. నమ్ముకున్నాను అని చెయ్యెత్తితే చాలు, ముంచేస్తారు. మా పాస్టరు మాత్రం ఒప్పుకోడు. "దేవుడి ముందర మోకాళ్ళేసేది సులువప్పా, ఎదురింటోడి ముందర తల వంచమను, చూద్దాం" అంటాడు. చిన్న వయసు మనిషి, సన్నగా ఉంటాడు, ఇస్కూల్లో లెక్కల అయ్యవారి మాదిరి మాట్లాడతాడు. మంచోడే. ఆ పద్ధతి కూడా మంచిదే. చెడగొట్టింది నేను.

మాది నగరి పక్కన పల్లె. నాయన మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏండ్లకు పైన పని చేసినాడు. నేను ఇప్పటికీ అదే షెడ్డులో కండెలు చుడతా ఉండాను. మగ్గంలో నాడె అటూ ఇటూ పరిగెత్తేదానికి దారం చుట్టిన చిన్న గొట్టాలు కావాల గదా, అవి. అమ్మ నా పెండ్లికి ముందే పోయింది. నా మొగుడు పోయినాక నేను పిల్లాజెల్లా లేనిదాన్ని, మూట ఎత్తుకొని మళ్ళీ నాయన కాడికే వచ్చేసినాను. ఇంట్లో మేమిద్దరమే. నాయనకు చెవులు సగం మగ్గాల మోతకు పోయినాయి. నాకు నోరు ఎక్కువ. కాబట్టి ఇద్దరికీ సరిపొయ్యింది.

నాయన పన్నెండేండ్లుగా ప్రార్థనకు పోతా ఉండినాడు గానీ బాప్తిస్మం తీసుకోలేదు. బీడీ మానలేకపోయినాడు, అదీ సంగతి. ఒకసారి నీళ్ళల్లోంచి లేచినాక మళ్ళీ తప్పు చేస్తే మొదటికంటే రెండింతలు శిక్ష అని ఎవరో చెప్పినారు, అది మనసులో పెట్టుకున్నాడు. "ముందు దీన్ని మాననీ పాపా, తర్వాత దిగతాను" అనేవాడు. పోనీ దేవుడంటే భయం లేదా అంటే, అంత భయపడే మనిషిని నేను చూళ్ళేదు. ప్రభువు రాకడ ఈ పొద్దా రేపా అన్నట్టే బతికినాడు. ఆయన వచ్చేటప్పుడు ఆకాశంలో బూర ఊదతారని విని ఉండినాడు. తెల్లవారుజామున మద్రాసు పొయ్యే రైలు కూత పెడితే చాలు, సగం చెవుడు మనిషి లేచి కూర్చునేవాడు. "అది రైలు నాయనా, పడుకో" అని నేను నవ్వేదాన్ని. "నవ్వు నవ్వు, ఒక దినం రైలు కాదు" అనేవాడు. ఆయన వచ్చే పొద్దుకు తాను తయారుగా లేకపోతే ఏమైపోతానా అనేది ఒకటే దిగులు ఆయనకు.

బీడీ కంటే పెద్ద పాపం ఒకటి నాయన మీద ఉండాది. అది ఊరందరికీ తెలుసు.

మా అవ్వ, నాయన తల్లి, మా ఇంట్లోనే కన్ను మూసింది. పొద్దున ఏడు గంటలప్పుడు. నాయనకు ఒకే ఒక తమ్ముడు, మా చిన్నాయన, పలమనేరులో ఆవులు పెట్టుకొని పాలు పోసుకొని బతకతా ఉండాడు. ఆయనకు ఈ ప్రార్థనలు గీర్థనలు లేవు. అమ్మ పోయిందని కబురు పోతానే బస్సెక్కినాడు. నగరికి రావాలంటే చిత్తూరులో మారాల, ఎంత బిరబిరా వచ్చినా అర పొద్దు పడతాది. నాయనకు అప్పుడు కొత్త వేడి. తమ్ముడొస్తే పలకల మేళం కొట్టిస్తాడు, నువ్వులూ బియ్యం అంటాడు, అమ్మ ఆత్మకు అడ్డం పడతాడు అని గాభరా పడినాడు. అప్పుడుండిన పాస్టరు ఇప్పటాయన కాదు, ఇంకొకాయన. ఆయనకు మధ్యాన్నం యాడనో కూటం ఉండాదంట, తొందర పెట్టినాడు. పన్నెండు గంటలకల్లా అవ్వను గుంతలో దించేసినారు. పాట పాడి మట్టి కప్పేసినారు.

చిన్నాయన రెండు గంటలకు వచ్చినాడు. రోడ్డు మీద బస్సు దిగి పరిగెత్తుకుంటా వచ్చినాడు, చెప్పులు చేతిలో పట్టుకొని. గుంత మీద పచ్చి మట్టి చూసి ముందు ఆయనకు అర్థం కాలేదు. తర్వాత నాయన కాళ్ళ కాడ కూలబడి, "అన్నా, రొంత మట్టి తియ్యన్నా. మొగం వరకే తియ్యి. ఒకసారి చూసి నేనే కప్పేస్తాను" అని అడిగినాడు. నాయన ఒప్పుకోలేదు. ప్రభువు కాడికి పోయిన మనిషిని మళ్ళీ తవ్వకూడదు అన్నాడు. చెప్పిందే చెప్పినాడు. అవ్వకు బాప్తిస్మం లేదు, ఈయనకూ లేదు, మాట మాత్రం ఎంత గట్టిగా చెప్పినాడో! అవ్వకు బాలేదని అత్తగారింటి నుంచి వచ్చి ఉండిన నేనూ నాయన పక్కనే నిలబడి ఉండినాను. ఒక్క మాట అనలేదు. చిన్నాయన పొద్దు గుంకేదాకా ఆ మట్టి పక్కనే కూర్చోని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయినాడు. పదకొండేండ్లు మాటల్లేవు. చిత్తూరులో ఉండే మా మేనత్త కూడా చిన్నాయన పక్కే చేరి మాతో తెంచేసుకుంది. నా మొగుడు పోయినప్పుడు ఇద్దరిలో ఒక్కరూ రాలేదు. అది నా కడుపులో అట్లనే ఉండిపోయింది.

నాయనకు దగ్గులో రక్తం పడింది. తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయినాను. నాలుగు దినాలు తిప్పి తిప్పి ఫోటోలు తీసి, ఆఖరికి ఒక డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, ఇంటికి తీసుకుపొమ్మా, ఏం తినాలంటే అది పెట్టు అని చెప్పింది. బస్సులో వస్తా నాయన అడిగినాడు, "ఎన్ని దినాలంట?" నేను సంచిలో మందుచీటీలు సర్దతా ఉండాను. ఆయనే కిటికీలోంచి చూస్తా, "ఆయన వచ్చేదాకా ఉంటాననుకున్నాను పాపా. నేనే ముందు పొయ్యేట్టుండాను. ఇట్లనే పోతే కుదరదు. పాస్టరును పిలిపించు" అన్నాడు. బీడీ ఆ దినమే పోయింది. ఊపిరే లేనోడికి బీడీ యాడిది.

పాస్టరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నాయన దాచకుండా అంతా చెప్పినాడు. ఆయన "పద్ధతి తెలుసు గదా పెద్దాయనా" అన్నాడు. మంచం పట్టినవాళ్ళ కోసం ఒకే ఒక సడలింపు ఉండాది, కడుపున పుట్టినోళ్ళు వాళ్ళ తరఫున పోవచ్చు. అంటే నేను.

నాయన నాకు చెప్పాల్సిన మాట నేర్పించినాడు, చిన్నపిల్లకు నేర్పినట్టు. "అమ్మ మొగం నీకు చూపించకుండా పూడ్చేసినాను. మట్టి తియ్యమంటే తియ్యలేదు. అది దేవుడు చెప్పింది కాదురా, నా పొగరు. తప్పు నాదే. నీ కాళ్ళు పట్టుకుంటా ఉండాను. ఇట్ల చెప్పు. తర్వాత వాడేమంటాడో విను. తిట్టినా సరే, ఉమ్మినా సరే, అట్లనే తీసుకురా. నువ్వు దాన్ని తియ్యగా మార్చొద్దు." రెండుసార్లు నా చేత అప్పజెప్పించుకున్నాడు. ఆ మాట ఆయన పదకొండేండ్లుగా లోపల చెప్పుకుంటానే ఉండినాడని నాకప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరినాను. పలమనేరులో దిగేటప్పటికి ఎండ పైకెక్కింది గానీ గాలి సల్లగా ఉండాది, మా నగరి మాదిరి కాల్చదు. చిన్నాయన ఇల్లు ఎటో అడగదామని టీ అంగడి పక్కకు పోయినాను. అడగాల్సిన పని పడలేదు. రోడ్డుకు అవతల టమోటా పెట్టెలు ఎక్కించిన ఆటో కాడ చిన్నాయనే నిలబడి ఉండినాడు. ఖాళీ పాలక్యాను ఒక చేతిలో, టీ గ్లాసు ఇంకో చేతిలో. జుట్టు అంతా తెల్లబడింది. అచ్చం నాయన మాదిరే మెడ పక్కకు వంచి, ఎవరో ఏదో అంటే విని పెద్దగా నవ్వతా ఉండినాడు.

ఆ నవ్వు చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఏం చెప్పేది? ఆడ నా నాయన ఎముకల గూడయి మంచానికి అంటుకుపోయి, నీ కాళ్ళు పట్టుకుంటానని అప్పజెప్పించుకుంటా ఉండాడు, ఈడ ఈయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వతా ఉండాడు. నా మొగుడు శవం మీదికి రాని మనిషి. ఈయన ముందర మేము వంగాలా అనిపించింది. నా కాళ్ళు రోడ్డు దాటలేదు. ఆటో వెనకాల ఒక అయిదు నిమిషాలు నిలబడినాను. పిలిస్తే పలికేంత దూరం. తర్వాత వెనక్కి తిరిగి చిత్తూరు బస్సెక్కినాను.

బస్సులో సగం దూరం వచ్చినాక భయం పట్టుకుంది. దిగి వెనక్కి పోదామా అనుకున్నాను, పోలేదు. ఏం చెప్పాలో కూర్చుకుంటా వచ్చినాను.

నాయన తలుపుకెదురుగా మంచం వేయించుకొని చూస్తా ఉండినాడు. "పోనీలే, అయిపోయిందేదో అయిపోయింది, అది మనసులో పెట్టుకోవద్దని అన్నకు చెప్పు, అన్నాడు నాయనా" అని చెప్పినాను. నాయన నా మొగంలోకి చూసినాడు. "తిట్టలేదా?"

"లేదు."

"వాడు తిట్టకుండా ఉండడే. చిన్నప్పట్నుంచి నోటి దురుసు."

నమ్మడం లేదని తెలిసిపోయింది. అప్పుడు నేను ఇంకా దిగజారినాను. "తిట్టినాడు నాయనా. నీకు చెప్పేదెందుకని ఊరకుండాను. నీ ఇల్లు కూలిపోను, ఇన్నేండ్లకు గుర్తొచ్చినానా నీకు అని తిట్టినాడు. తర్వాత ఏడ్చినాడు. ఏడ్చినాక ఆ మాట అన్నాడు" అన్నాను. నాయన మొగం వెలిగిపోయింది. "ఆ! అట్ల చెప్పు. వాడే, వాడే" అని నవ్వి, దగ్గొచ్చి, మళ్ళీ నవ్వినాడు. ఏం తిట్టినాడో ఇంకోసారి చెప్పించుకున్నాడు. నేను చేసిన పనుల్లో అన్నింటికంటే పాపిష్టి పని ఆ తిట్టు కల్పించడమే.

ఆ ఆదివారం ప్రార్థన గుడి వెనకాల సిమెంటు తొట్టిలో బాప్తిస్మం. మామూలుగా సన్నీళ్ళే పోస్తారు. నాయన కోసమని పాస్టరమ్మ కట్టెలపొయ్యి మీద నాలుగు డేగిశాలు కాగబెట్టి పోయించింది. తెల్ల పంచె కట్టించి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మగోళ్ళు మోసుకొచ్చినారు. నాయన సాక్ష్యం చెప్పినాడు. గొంతు లేదు, అయినా చెప్పినాడు. తమ్ముడికి చేసిన అన్యాయం చెప్పినాడు. తమ్ముడు తిట్టిన తిట్టు చెప్పినాడు, ఏడ్చింది చెప్పినాడు, అయిపోయిందేదో అయిపోయింది అన్నది చెప్పినాడు. ఆడోళ్ళంతా కొంగులు కండ్లకు అడ్డం పెట్టుకున్నారు. అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. నా అబద్ధానికి అంత మంది స్తోత్రం చెప్తా ఉంటే నేను తొట్టి పక్కన తువ్వాలు పట్టుకొని నిలబడి ఉండినాను. కుర్చీతో పాటే ముంచి పైకి లేపినారు. నీళ్ళు కారతా, వణకతా, "పాపా, ఇంక ఆయన ఎప్పుడొచ్చినా సరే" అన్నాడు.

నేను అనుకున్నాను, ఇంతటితో అయిపోయింది, ముసలోడు నెమ్మదిగా పోతాడు అని. ఏం అయిపొయ్యేది! మర్నాటి నుంచి తమ్ముడి కోసం చూడడం మొదలుపెట్టినాడు.

"క్షమించినోడు చూసేదానికి రాడా? వస్తాడు. నాకు బాలేదని చెప్పినావు గదా?"

"చెప్పినాను."

"మరి వస్తాడు."

ఆవు ఈనేటట్టుండాదంట నాయనా, అది కానిచ్చి వస్తానన్నాడు అని చెప్పినాను. ఇంకో అబద్ధం. దానికీ సంతోషమే ఆయనకు, ఏ ఆవో, ఎన్నో ఈతో అని అడిగినాడు. ఫోను చెయ్యమన్నాడు. నంబరు తీసుకోలేదన్నాను. నిజానికి మేనత్తకు ఒక్క ఫోను చేసి ఉంటే సాయంత్రానికి చిన్నాయన నంబరు దొరికేది. ఫోను చేతిలోకి తీసుకుంటా, పెట్టేస్తా. ఇప్పుడు చేస్తే, ఆ దినం రాలేదని బయటపడతాది. నాయనకు తెలిస్తే బాప్తిస్మం చెల్లలేదని కుళ్ళి కుళ్ళి చస్తాడు. ఆ సాకు చెప్పుకున్నాను. సగం అది నిజం, సగం నా సిగ్గు. తలుపుకెదురుగా మంచం అట్లనే ఉండాది. నాయన రోడ్డు చూస్తా, "ఇంతకాలం ఒకరి కోసం చూసినాను, ఇప్పుడు ఇద్దరయినారు. ఎవరు ముందొస్తారో చూడాల" అని నవ్వేవాడు. నేను పొయ్యి కాడికి పొయ్యి ఏడ్చేదాన్ని. పద్దెనిమిది దినాలు చూసినాడు. ఆఖరి రెండు దినాలు మాట పడిపోయింది, కండ్లు మాత్రం తలుపు మీదే.

నాయన పోయినాక చేసినాను మేనత్తకు ఫోను. ఎంత సేపు పట్టింది? రెండు నిమిషాలు.

చిన్నాయన వచ్చేదాకా శవాన్ని ఎత్తేదానికి లేదని నేను మొండికేసినాను. పాస్టరూ సరేనన్నాడు. చిన్నాయన మధ్యాన్నం వచ్చినాడు. ఈసారి మొగం చూసినాడు. చానాసేపు చూసి, గడ్డం పట్టుకొని, "ఏమన్నా ఇట్లయిపోయినావు" అన్నాడు. ఏడుపు ఆగలేదు ఆయనకు. పాస్టరు ఆయన భుజం మీద చెయ్యేసి, మంచి మనసుతోనే, "మీరు పంపిన మాటతోనే నీళ్ళల్లో దిగినాడయ్యా మీ అన్న. మీరు తిట్టింది కూడా ఎంత సంతోషంగా చెప్పుకున్నాడో. మీరు క్షమించబట్టే నెమ్మదిగా పోయినాడు" అన్నాడు.

చిన్నాయన ఏడుపు ఆపి తల ఎత్తినాడు. పాస్టరును చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు. నేను తల దించేసుకున్నాను. ఇంక అయిపోయింది నా పని అనుకున్నాను. ఇంటి నిండా జనం. అందరూ ఆయన ఏమంటాడా అని చూస్తా ఉండారు.

"అవును సామీ. చెప్పి పంపినాను" అన్నాడు చిన్నాయన.

అది జరిగి రెండేండ్లు దాటింది. మా సంఘంలో నాయన సాక్ష్యం ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు పాస్టరు అదే చెప్తాడు, చూడండి, అన్నదమ్ములంటే అట్లుండాల అని. నువ్వెప్పుడమ్మా తీసుకునేది అని నన్ను కూడా అడగతానే ఉండాడు. చూస్తాం అయ్యగారూ అంటాను. ఎవరి కాడికి పొయ్యి అడిగి రావాలో నాకు తెలుసు. ఒకాయన యాడున్నాడో బస్సుకు పొయ్యే దారి లేదు. రెండో ఆయన కాడ ఆ దినమే అడిగేసినాను.

సమాధి కార్యం అయిపోయినాక చిన్నాయన మా ఇంటి ముందర కొళాయి కాడ కాళ్ళు కడుక్కుంటా ఉండినాడు. నేను పొయ్యి చెంబు అందించినాను. "ఏం చెప్పి పంపినాడు అన్న?" అని అడిగినాడు, నా పక్క చూడకుండా. నేను అప్పజెప్పినాను. అమ్మ మొగం నీకు చూపించకుండా పూడ్చేసినాను, అది దేవుడు చెప్పింది కాదు, నా పొగరు, తప్పు నాదే, నీ కాళ్ళు పట్టుకుంటా ఉండాను. ఒక్క మాట పోకుండా చెప్పినాను. పలమనేరుకు వచ్చింది, ఆటో వెనకాల నిలబడింది, అన్నీ చెప్పినాను. కాళ్ళ మీద పడినాను. తప్పయిపోయింది చిన్నాయనా అన్నాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కోలేదు, నన్ను లేపనూ లేదు. కొళాయి అట్లనే కారతా ఉండాది.

"చిన్నాయనా, నాయన బాప్తిస్మం చెల్లతాదా?" అని అడిగినాను. నమ్మకం లేని మనిషిని పట్టుకొని అది అడిగినాను చూడు. ఇంకెవరిని అడిగేది నేను?

"మీ నీళ్ళ సంగతి నాకేం తెలుసు పాపా. అన్న నిజంగానే అడిగినాడు. నేను నిజంగానే మన్నించేవాణ్ణి. ఈడ అబద్ధం లేదు, ఆడ అబద్ధం లేదు. మధ్యలో నువ్వే ఉండావు" అన్నాడు.

కొళాయి తానే కట్టేసి, చెప్పులేసుకొని, రోడ్డు మీదికి పోయినాడు.